కాంటెస్సా 32 కొనాలా, సిగ్మా 33 కొనాలా? క్రూజింగ్‌కీ రేసింగ్‌కీ ఒకే పాత పడవ వెతుకుతున్న వాళ్ళకి

వేసవిలో ఇంటిల్లిపాదీ ఫ్రాన్స్ తీరం దాకా వెళ్ళిరావాలి, బుధవారం సాయంత్రాలు క్లబ్బు రేసుల్లో దిగాలి, ఖర్చు మాత్రం కొత్త పడవ ధరలో చిన్న వంతు దాటకూడదు. ఇంగ్లండ్‌లో ఉంటూ ఈ మూడూ కావాలనుకుంటే, ముప్పై అడుగులు దాటిన పాత తెరచాప పడవల కోసం వెతకడం మొదలుపెట్టిన వారంలోనే రెండు పేర్లు ఎదురవుతాయి: కాంటెస్సా 32, సిగ్మా 33. పొడవులో పెద్ద తేడా లేదు, బరువూ దాదాపు అంతే. రెండూ బ్రిటిష్ పడవలే, రెంటికీ అభిమానులు ఎక్కువే. కానీ నీళ్ళ మీద ఇవి రెండు వేరు స్వభావాలు. ఒకటి కొనాల్సిన వాళ్ళు రెండోది కొంటే రెండు సీజన్లు తిరక్కుండానే అమ్మకానికి పెట్టేస్తారు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఈ రెంటి మధ్య ఎంపిక పడవని బట్టి కాదు, మీతో వచ్చే మనుషులని బట్టి జరగాలి. కింద రాసిందంతా ఆ లెక్క ఎలా వేసుకోవాలన్నదే.

ముందు మీ సంగతి తేల్చుకోండి

మొదటి ప్రశ్న: ప్రతి వారం ఖచ్చితంగా వచ్చే క్రూ ఎంతమంది? "పిలిస్తే వస్తారు" అన్నవాళ్ళని లెక్కలోకి తీసుకోకండి. ఏప్రిల్ చలిలో, వానలో, ఆఫీసు అయ్యాక కారేసుకుని వచ్చేవాళ్ళే లెక్క. ఇద్దరా, ఆరుగురా అన్నదాన్ని బట్టి సగం నిర్ణయం అయిపోతుంది.

రెండోది, ఎంత గాలి వరకూ బయటికి వెళ్తారు? ఫోర్స్ 5 (గాలి బలం కొలిచే బోఫర్ట్ స్కేలులో అంకె) దాటితే మెరీనాలోనే ఉండిపోయే వాళ్ళకీ, ఫోర్స్ 7లో ఇంగ్లిష్ ఛానెల్ మధ్యలో చిక్కుకునే అవకాశం ఉన్న వాళ్ళకీ కావలసిన పడవలు వేరు. మూడోది, రాత్రుళ్ళు పడవలో ఎవరు పడుకుంటారు. నాలుగోది, మీకు రేసు అంటే ఏమిటి? అచ్చంగా మీ పడవలాంటి పడవలతో పక్కపక్కన పోటీ పడటమా, రకరకాల పడవల మధ్య హ్యాండికాప్ లెక్కతో, అంటే పడవని బట్టి సమయాన్ని సవరించే పద్ధతితో, పోటీ పడటమా? ఇక డబ్బు సంగతి. కొనే ధర కంటే మొదటి రెండేళ్ళ మరమ్మతు ఖర్చే ఎక్కువ బాధపెడుతుంది కాబట్టి దాన్ని విడిగా, చివర్లో మాట్లాడుకుందాం.

ఇక్కడ ఒక మాట. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే నేవీ తెరచాప పడవలో ఆరుగురు నేవీ మహిళా అధికారులున్నారు. వాళ్ళలో విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య మన వాళ్ళు. ఆ యాత్ర చూసి సముద్రం మీద ఆశ పుట్టిన వాళ్ళు చాలామంది ఉంటారు, పుట్టాలి కూడా. అయితే తారిణి 55 అడుగుల పడవ, వెనక ఏళ్ళ తరబడి శిక్షణ ఉంది. మీరు కొనేది మీ చేతిలో నిజంగా ఉన్న శని, ఆదివారాలకి సరిపోయేది కావాలి.

రెండు పడవల పుట్టుక

కాంటెస్సా 32 గీసింది డేవిడ్ శాడ్లర్, కట్టింది లిమింగ్టన్‌లో జెరెమీ రోజర్స్. 1970ల మొదట్లో వచ్చింది, 700కి పైగా కట్టారు. సన్నగా, లోతుగా, నీటికి దగ్గరగా కూర్చునే పాత తరం ఆకారం.

దాని పేరు మారుమోగింది 1979 ఫాస్ట్‌నెట్ రేసుతో, అంటే ఇంగ్లండ్ నుంచి ఐర్లండ్ దక్షిణాన ఉన్న ఫాస్ట్‌నెట్ రాతిని చుట్టి వచ్చే పోటీతో. ఆ ఆగస్టులో 303 పడవలు ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని కౌస్ నుంచి బయల్దేరితే, 13వ తేదీ రాత్రి విరుచుకుపడిన తుపానులో పదిహేను మంది పోటీదారులు చనిపోయారు. అన్నిటికంటే చిన్న పడవల క్లాసులో రేసు పూర్తి చేసింది ఒకే ఒక్కటి, అసెంట్ అనే కాంటెస్సా 32. తర్వాత జరిగిన విచారణలో కాంటెస్సా స్థిరత్వాన్ని ఆ రేసులో పాల్గొన్న హాఫ్ టన్నర్ తరహా రేసింగ్ పడవతో పోల్చి చూశారు. కాంటెస్సా సుమారు 155 డిగ్రీల దాకా ఒరిగినా, అంటే దాదాపు బోర్లా పడినా, తిరిగి లేవగలదని తేలింది. ఆ అసెంట్‌నే విల్లీ కెర్ అనే నావికుడు తర్వాతి ఏళ్ళలో గ్రీన్‌లాండ్, అంటార్కిటికా వైపు నడిపాడు. అంటే ఆ పేరు ఊరికే రాలేదు.

సిగ్మా 33 డేవిడ్ థామస్ డిజైన్. ప్లిమత్‌లో మెరీన్ ప్రాజెక్ట్స్ కట్టింది, ఇప్పుడు ప్రిన్సెస్ మోటార్ యాట్లు చేసే కంపెనీ ఇదే. 1970ల చివర్లో మొదలై 1990ల మొదటి దాకా 360కి పైగా వచ్చాయి. దీన్ని మొదటి నుంచీ వన్ డిజైన్ క్లాసుగా తయారుచేశారు: అన్ని పడవలూ ఒకే కొలత, ఒకే బరువు, తెరచాపల మీద నిబంధనలు, గెలుపంతా క్రూ చేతిలోనే. ప్రకటనల్లో 33సి అని కనిపిస్తే జాగ్రత్తగా చూడండి. అది క్రూజింగ్ కోసం మార్చిన రకం, కీల్ (అడుగున దిగే బరువైన రెక్క) లోతు తక్కువ, రిగ్ (మాస్ట్, తెరచాపల అమరిక) వేరు. వన్ డిజైన్ రేసులు కావాలనుకునే వాళ్ళకి అది పనికిరాదు.

| | కాంటెస్సా 32 | సిగ్మా 33 |
|---|---|---|
| మొత్తం పొడవు | 9.75 మీ. | సుమారు 9.9 మీ. |
| నీటి మట్టం దగ్గర పొడవు | 7.3 మీ. | 8 మీ. |
| వెడల్పు | 2.9 మీ. | 3.2 మీ. |
| నీటిలో లోతు | 1.68 మీ. | 1.75 మీ. |
| బరువు | సుమారు 4.3 టన్నులు | సుమారు 4.2 టన్నులు |
| బరువులో బ్యాలస్ట్ (పడవని నిలబెట్టే అడుగు బరువు) వాటా | సుమారు 47 శాతం | 40 శాతం లోపు |
| చుక్కాని | స్కెగ్ (చుక్కాని ముందుండే కదలని రెక్క) ఆసరాతో | ఆసరా లేకుండా విడిగా వేలాడేది |
| రిగ్ | మాస్ట్‌హెడ్ (ముందు తెరచాప మాస్ట్ కొస దాకా), పెద్ద జెనోవా (ముందు తెరచాప) | ఫ్రాక్షనల్ (ముందు తెరచాప మాస్ట్ కొస కంటే కింద దాకా), పెద్ద మెయిన్ (మాస్ట్ వెనక తెరచాప) |

పట్టికలో అసలు చూడాల్సినవి మూడు వరసలే: వెడల్పు, బ్యాలస్ట్ వాటా, చుక్కాని. మిగతా తేడాల్లో చాలావరకు ఈ మూడింటి నుంచే వస్తాయి.

నీళ్ళ మీద ఎలా ఉంటాయి

ఐల్ ఆఫ్ వైట్‌కీ ఇంగ్లండ్ తీరానికీ మధ్య ఉన్న జలసంధి సోలెంట్. దాని పడమటి కొసన హర్స్ట్ దగ్గర ఆటుపోటు నాలుగు నాట్లు (గంటకి నాటికల్ మైళ్ళు) దాటి లాగుతుంది. నైరుతి గాలి దానికి ఎదురొస్తే చిన్న చిన్న నిటారు కెరటాలు లేస్తాయి. ఈ రెండు పడవల తేడా తెలుసుకోవాలంటే అంతకంటే మంచి చోటు లేదు. కాంటెస్సా సన్నని ముక్కుతో ఆ కెరటాల్లోకి దూసుకుపోతుంది, దబదబ కొట్టుకోదు. కానీ ఆ నీళ్ళన్నీ డెక్ మీదుగా వెనక్కి వస్తాయి. ఒరిగిన వైపు అంచు మీద నీరు కాలవలా పారుతుంది, టిల్లర్ (చుక్కాని తిప్పే కర్ర) పట్టుకున్న మనిషి మొహాన ప్రతి మూడో కెరటమూ ఉప్పునీళ్ళు చల్లుతుంది. మంచి రెయిన్ జాకెట్ లేకపోతే ఈ పడవలో గాలికి ఎదురు వెళ్ళడం నరకం. జాకెట్ ఉంటే మాత్రం ఇంత నమ్మకంగా నడిచే ముప్పై రెండడుగుల పడవ నాకు తెలిసి ఇంకోటి లేదు.

సిగ్మా పొడిగా ఉంటుంది, వేగంగానూ ఉంటుంది. ముక్కు దగ్గర అడుగు కాస్త చదునుగా ఉండటంతో ఆ కెరటాల మీద పడినప్పుడు దభీమని చప్పుడొస్తుంది, లోపల పడుకున్న వాళ్ళకి నిద్ర పట్టదు. గాలి పెరిగితే దాన్ని నిటారుగా ఉంచేది అంచు మీద కూర్చున్న మనుషుల బరువే. ఆరుగురు వరసగా కాళ్ళు బయటికి వేలాడదీసి కూర్చుంటే ఫోర్స్ 5లో రివ్వున పోతుంది. అదే ఇద్దరే ఉంటే అదే గాలిలో మెయిన్ సెయిల్ త్వరగా రీఫ్ చెయ్యాలి (కొంత మడిచి చిన్నది చెయ్యాలి), లేదంటే ఒరిగిపోయి చుక్కాని నీటి మీద పట్టు కోల్పోతుంది, పడవ గిర్రున గాలి వైపు తిరిగిపోతుంది. మొదటిసారి ఇది చూసిన వాళ్ళకి టెన్షన్ తప్పదు.

కాంటెస్సా ఒరగడం వేరు. లేత గాలికే చటుక్కున కొంత ఒరుగుతుంది, కొత్తవాళ్ళు హడలిపోతారు. ఆ తర్వాత అడుగు బరువు పనిచెయ్యడం మొదలై, అక్కడే గట్టిగా నిలబడిపోతుంది. ఊళ్ళో నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఓ రెండు గంటలు తిప్పాలంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి: మెయిన్ మొదటి రీఫ్‌లోనే పెట్టి, గాలి పక్క నుంచి వచ్చే దిశలోనే నడపండి. ఎక్కడానికి మాత్రం కాంటెస్సానే సుఖం, డెక్ తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు కూడా పాంటూన్ (రేవులో తేలే వేదిక) మీంచి తేలిగ్గానే అడుగేస్తారు.

వేగం మాటకొస్తే, నీటి మట్టం దగ్గర పొడవును బట్టి వచ్చే గరిష్ఠ వేగం కాంటెస్సాకి సుమారు 6.6 నాట్లు, సిగ్మాకి సుమారు 6.9. కాగితం మీద చిన్న తేడా. ఐల్ ఆఫ్ వైట్ పడమటి కొసన ఉన్న నీడిల్స్ నుంచి ఫ్రాన్స్ రేవు షెర్బూర్ అరవై నాటికల్ మైళ్ళు. సరాసరి 5 నాట్లతో పన్నెండు గంటలు పడితే, 5.5తో పదకొండు లోపు చేరతారు. పిల్లలున్నప్పుడు ఆ గంట తేడా తెలుస్తుంది, చీకటి పడకముందు రేవు చేరడమో, పడ్డాక చేరడమో దాని మీదే ఉంటుంది. లేత గాలిలో సిగ్మా ఆధిక్యం ఇంకా ఎక్కువ. గాలి గట్టిగా ఉండి కెరటాలు పెద్దవైతే ఆ తేడా కరిగిపోతుంది, ఎందుకంటే కాంటెస్సా సిబ్బంది అప్పటికి అలసిపోయి ఉండరు.

హుస్సేన్ సాగర్‌లో లేజర్ అనే చిన్న తెరచాప పడవ నడిపి నేర్చుకున్న వాళ్ళు కొందరు ఇక్కడికి వచ్చి పడవలు చూస్తుంటారు. వాళ్ళ చేతికి సిగ్మా టిల్లరే నచ్చుతుంది, వేలితో కదిపితే తిరుగుతుంది. కాంటెస్సా చుక్కాని ముందు స్కెగ్ ఉండటంతో అది నెమ్మదిగా తిరుగుతుంది. ఆ నిదానమే రాత్రి ఒంటరిగా కాపలా ఉన్నప్పుడు వరం. టిల్లర్‌కి తాడు కట్టి కిందికెళ్ళి టీ పెట్టుకుని రావచ్చు, సిగ్మాలో అంత ధైర్యం చెయ్యలేం. మెరీనాలో రివర్స్ చేసేటప్పుడు మాత్రం ఇది తారుమారవుతుంది. ఇరుకు సందులో సిగ్మా చెప్పినట్టు వింటుంది.

లోపల

ఇక్కడ పోటీ లేదు, సిగ్మాదే పైచేయి. వెడల్పు ఎక్కువ, వెనక విడిగా పడుకునే చోటు ఉంది, తల ఎత్తి నిలబడవచ్చు, వంటగట్టు పెద్దది. ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు వారం రోజులు ఉండొచ్చు. కాంటెస్సాలో అదే నలుగురు మూడో రోజుకి ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు. ఆరడుగులు దాటిన వాళ్ళకి తల తగులుతుంది, ఒకరు వంట చేస్తుంటే ఇంకొకరు దాటి వెళ్ళడానికి పక్కకి ఒత్తుకోవాలి.

అయితే పడవ ఒరిగి నడుస్తున్నప్పుడు ఆ ఇరుకే పనికొస్తుంది. ఎటు తూలినా పట్టుకోవడానికి ఏదో ఒకటి చేతికందుతుంది, సన్నని బెర్త్‌లో పడుకుంటే దొర్లిపోరు. సిగ్మాలో వెడల్పాటి నేల మీద తూలితే అవతలి గోడ దాకా పోతారు. ఏ పడవైనా సరే, పిల్లలతో ఛానెల్ దాటే రోజున స్టవ్ మీద ఆశ పెట్టుకోకండి. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో సర్దుకోండి, పెరుగన్నం దారిలో ఎవరికీ ఎక్కదు.

రేసుల సంగతి

వన్ డిజైన్ రేసింగ్ రుచి తెలిసిన వాళ్ళకి హ్యాండికాప్ ఆనదు. ఎవరు ముందు దాటితే వాళ్ళదే గెలుపు, లెక్కలు చూసుకునే పని లేదు. సిగ్మా 33లు అందుకోసమే పుట్టాయి, స్కాట్లండ్‌లో క్లైడ్ ప్రాంతంలో వాటికి బలమైన ఫ్లీట్ పేరుంది. కాంటెస్సాలకి సోలెంట్‌లో సొంత క్లాసు ఉంది, కౌస్ వీక్‌లో వాళ్ళకి విడిగా స్టార్ట్ ఇస్తారు. కాబట్టి కొనేముందు మీ రేవులో ఏ పడవలు ఎన్ని ఉన్నాయో వెళ్ళి చూడండి. మీ ఊళ్ళో ఒక్క సిగ్మా కూడా లేకపోతే దాని వన్ డిజైన్ గొప్ప మీకు ఉపయోగపడదు.

ఐఆర్‌సీ అనే హ్యాండికాప్ పద్ధతిలో లెక్క వేరు. పడవకో రేటింగ్ ఇస్తారు, పట్టిన సమయాన్ని దాంతో గుణిస్తారు. పడవని బట్టి, తెరచాపలని బట్టి కాస్త మారుతుంది గానీ, కాంటెస్సా 0.865, సిగ్మా 0.915 అనుకుందాం. సిగ్మా ఆరు గంటల్లో రేసు ముగిస్తే, కాంటెస్సా ఇరవై నిమిషాలు వెనక వచ్చినా సమానమే. గాలి గట్టిగా, గాలికి ఎదురుగా ఎక్కువ దూరం ఉన్న రోజున కాంటెస్సా ఆ ఇరవై నిమిషాల లోపే వచ్చేస్తుంది. లేత గాలి రోజున రానే రాదు. ఐల్ ఆఫ్ వైట్ చుట్టూ తిరిగే యాభై మైళ్ళ రేసులో ఒకే రోజు ఈ రెండు రకాల గాలీ దొరకొచ్చు, అందుకే ఏ పడవ యజమానీ ముందే ఆశ వదులుకోడు.

సిగ్మాతో గెలవాలంటే మాత్రం క్రూ కావాలి. స్పిన్నకర్ (గాలి వెనక నుంచి వచ్చేటప్పుడు ఎత్తే బెలూన్ లాంటి తెరచాప) ఎక్కించడానికి, తిప్పడానికి, దించడానికి ఎవరి పని వాళ్ళకి తెలియాలి. స్పిన్నకర్‌ని పట్టి ఉంచే పోల్ దగ్గర ఒకరు, మాస్ట్ దగ్గర ఒకరు, తాళ్ళ దగ్గర ఇద్దరు, మెయిన్ ఒకరు, టిల్లర్ ఒకరు. వీళ్ళలో ఇద్దరు రాకపోతే ఆ రోజు స్పిన్నకర్ సంచిలోనే. కాంటెస్సాలో నలుగురితో గౌరవంగా రేస్ చెయ్యొచ్చు. కాకపోతే గాలి సరిగ్గా వెనక నుంచి వచ్చేటప్పుడు పెద్ద స్పిన్నకర్‌తో అటూ ఇటూ ఊగిపోతుంది, ఆ టైమ్‌లో టిల్లర్ దగ్గర అనుభవం ఉన్న మనిషే ఉండాలి.

వయసు తెచ్చిన జబ్బులు

ఇప్పుడు దొరికే కాంటెస్సాల్లో మొదట కట్టినవాటికి యాభై ఏళ్ళు దాటాయి, చివరి సిగ్మాలకి కూడా ముప్పై దాటాయి. (రోజర్స్ కుటుంబం 1990ల మధ్యలో మళ్ళీ కాంటెస్సాలు కట్టడం మొదలుపెట్టింది, వాటి ధర వేరే లోకం.) కాబట్టి మోడల్ కంటే ముందు కండిషన్. బాగా చూసుకున్న సిగ్మా, పాడుబెట్టిన కాంటెస్సా కంటే వందరెట్లు భద్రం.

సిగ్మాలో మొదట చూడాల్సింది కీల్. ఇనుప కీల్‌ని బోల్టులతో బిగిస్తారు. క్యాబిన్ నేల పలకలు పైకెత్తి టార్చి వేసి చూడండి. బోల్టుల చుట్టూ టీ డికాషన్ రంగు చారలు, వాటి పక్కన ఫైబర్‌లో వెంట్రుకవాసి పగుళ్ళు, నేల కింద గళ్ళుగళ్ళుగా ఉండే ఫ్రేమ్ హల్‌కి (పడవ ఒంటికి) అతుక్కున్న చోట ఊడిన గీతలు కనిపిస్తే ఆ పడవ ఎప్పుడో నేలకి గట్టిగా కొట్టుకుని ఉంటుంది, లేదా ఏళ్ళ తరబడి కఠినంగా రేస్ చేసి ఉంటారు. క్రేన్ బెల్టుల్లో పైకెత్తినప్పుడు కీల్ హల్ కలిసే గీతనే చూస్తూ ఉండండి. కింద దిమ్మ మీద ఆనించినప్పుడు మూసుకుని, గాల్లోకి లేపగానే తెరుచుకుంటే సర్వేయర్ చెప్పేదాకా బేరం ఆపండి. తర్వాత చుక్కాని కింది కొసని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపండి. టకటకమంటే బేరింగులు అరిగినట్టే. స్కెగ్ ఆసరా లేదు కాబట్టి ఇక్కడ అశ్రద్ధ పనికిరాదు.

కాంటెస్సాలో హల్ కింది భాగంలో ఆస్మోసిస్ బుడగలు (ఫైబర్‌లోకి నీరు చేరి లేచే పొక్కులు), డెక్ ఫిటింగుల చుట్టూ నీరు దిగి మెత్తబడిన చోట్లు చూడండి. డెక్ మీద మడమతో తడుతూ నడవండి, ధ్వని మారిన చోట గుర్తు పెట్టండి. పాత పడవల్లో మొదట్లో వేసిన ఇంజన్లు ఇంకా ఉంటే వాటి విడిభాగాలు దొరకడం కష్టం. కొత్త డీజిల్ వేసి ఉంటే దానికి ఎక్కువ ధర ఇవ్వడం తప్పు కాదు.

రెంటికీ ఉమ్మడిగా: మాస్ట్‌ని నిలబెట్టే తీగలు ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. పది పదిహేనేళ్ళు దాటితే ఇన్సూరెన్స్ వాళ్ళు పేచీ పెడతారు. సీకాక్‌లు (హల్ రంధ్రాల్లోంచి నీరు రాకుండా ఆపే కుళాయిలు) తిరుగుతున్నాయో లేదో ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూడండి. రేసుల కోసం కొత్త తెరచాపలు కావాలంటే ఆ ఖర్చు ముందే లెక్కలో రాసుకోండి, పాత పడవ ధరతో పోలిస్తే అది చాలా పెద్ద వాటా.

ఎవరికి ఏది

పిల్లలున్న కుటుంబం, వేసవి సెలవుల్లో పూల్ రేవు నుంచో సౌతాంప్టన్ నుంచో పగటి ప్రయాణాలు, వాతావరణం బాగున్నప్పుడే ఛానెల్: సిగ్మా. పడవ పెద్దదిగా అనిపిస్తుంది, ఇంట్లో వాళ్ళు మళ్ళీ రావడానికి ఒప్పుకుంటారు. ఇది చిన్న విషయం కాదు.

భార్యాభర్తలు ఇద్దరే, లేదా ఎక్కువగా ఒంటరిగా నడిపేవాళ్ళు, ఫ్రాన్స్ పడమటనున్న బిస్కే అఖాతం దాటాలనో స్కాట్లండ్ పడమటి దీవుల్లో వారాలు గడపాలనో ఉన్నవాళ్ళు: కాంటెస్సా, మరో ఆలోచన వద్దు. గాలి ముదిరినప్పుడు మీ ఇద్దరి బలం సరిపోకపోయినా పడవ మిమ్మల్ని కాపాడుతుంది.

ఆఫీసులో ఐదారుగురు మిత్రులు కలిసి వాటాలేసుకుని కొంటున్నారు, గెలవడమే సరదా: సిగ్మా వన్ డిజైన్. వాటాల ఒప్పందం మాత్రం రాతపూర్వకంగా పెట్టుకోండి, ఒకరు వేరే దేశం బదిలీ అయితే వాళ్ళ వాటా ఎవరు, ఏ ధరకి కొనాలో సహా.

రేసింగ్ ఎప్పుడైనా ఒకసారి చాలు, కానీ ఏళ్ళ తరబడి ఉంచుకోవాలనుకుంటే కాంటెస్సా వైపే మొగ్గండి. కొన్నప్పుడు సిగ్మా కంటే సాధారణంగా ఎక్కువే పెట్టాలి, అమ్మేటప్పుడు ఆ పేరు ఆ ధరని నిలబెడుతుంది. సిగ్మాలు చౌకగా దొరుకుతాయి. ఆ మిగిలిన డబ్బు తెరచాపల మీదా, తీగల మీదా పెడితే ఆ ధరలో అంత వేగం ఇచ్చే పడవ దొరకదు.

ఇంకా ఎటూ తేలని వాళ్ళు ముందు ఒక సీజన్ క్రూగా వెళ్ళండి. రెండు క్లాసుల యజమానులూ ఎప్పుడూ మనుషుల కోసం వెతుకుతూనే ఉంటారు, ఖాళీ ఉన్న రోజు రమ్మంటారు. ఫోర్స్ 2లో ఒకసారి, ఫోర్స్ 6లో ఒకసారి రెండు పడవల్లోనూ తిరగండి. కొనడం సెప్టెంబర్, నవంబర్ మధ్య పెట్టుకుంటే మంచిది. చలికాలం ఒడ్డున పెట్టే ఖర్చు తలుచుకుని యజమానులు బేరానికి దిగుతారు, పడవ ఎలాగూ నీళ్ళలోంచి తీస్తారు కాబట్టి మీ సర్వేయర్‌కి కీలూ చుక్కానీ కళ్ళెదుటే ఉంటాయి, మార్చి లోపు మరమ్మతులు చేయించుకోవడానికి మీకూ టైమ్ ఉంటుంది.